పక్క సైటులో రెండు సెల్లార్ల తవ్వకం: అసోసియేషన్ చేతిలో ఏముంది, ఏం లేదు

మీరు రాసిన దాంట్లో నాకు అర్థమైంది ఇదండీ. కొండాపూర్ వైపు స్టిల్టు (కింద పిల్లర్ల మధ్య పార్కింగు) మీద ఐదంతస్తులు, నలభై ఎనిమిది ఫ్లాట్లు, పదహారేళ్ల బిల్డింగ్. తూర్పు పక్కన రెండు వేల గజాల స్థలంలో రెండు సెల్లార్లకు తవ్వకం మొదలైంది, ఒక మూల మీ ప్రహరీకి బీట పడింది. ఆ వైపు ఫ్లాట్ల వాళ్లు కోర్టుకు వెళ్దామంటున్నారు, పడమటి వైపు వాళ్లు మనకెందుకు గొడవ అంటున్నారు, మీరు సెక్రటరీగా కొత్త. బిల్డర్ మనిషి వచ్చి "గోడ మేమే కొత్తది కట్టిస్తాం, కంప్లైంట్లు మాత్రం పెట్టకండి" అని చెప్పి వెళ్లాడు. పని ఆపించవచ్చా, లేకపోతే ఏం చెయ్యాలి అని మీ ప్రశ్న.

నేను చాలా ఏళ్లు సెల్లార్లు తవ్వే కాంట్రాక్టర్ల దగ్గర సైటు ఇంజినీరుగా చేశాను. రిటైరయ్యాక మా అపార్ట్‌మెంట్ కమిటీలో ఉన్నాను. కాబట్టి గోడకు అటువైపు వాళ్లు ఏం ఆలోచిస్తారో కూడా కొంచెం తెలుసు.

చట్టాల సంగతి కాసేపు ఆగుదాం, ముందు ఈ రోజే చెయ్యాల్సినవి చెప్తాను. వాచ్‌మన్ గది ఆ తూర్పు ప్రహరీకి ఆనుకునే ఉందని రాశారు. ఆ కుటుంబాన్ని ఈ రాత్రికే అక్కడి నుంచి మార్చండి, స్టిల్టులో ఇంకో మూల పరదా కట్టి ఇచ్చినా సరే. 2024 మే నెలలో బాచుపల్లిలో గాలివానకు ఒక సైటు రిటైనింగ్ వాల్ (మట్టిని ఆపే గోడ) కూలి, పక్కనే షెడ్లలో ఉన్న కూలి కుటుంబాల వాళ్లు ఏడుగురు చనిపోయారు. ఇలాంటి చోట ప్రాణం పోయేది ఎప్పుడూ గోడ పక్కన పడుకున్న వాళ్లదే, ఫ్లాట్లో ఉన్న మనది కాదు. తర్వాత ఆ గోడ పక్కన నిలిపే కార్లు తీయించండి, జనరేటర్ అక్కడే ఉంటే దాన్ని జరిపే ఏర్పాటు చూడండి. గుంత అంచున ఎంత బరువు ఉంటే మట్టి అంత తొందరగా జారుతుంది, ఆ బరువు మనదా వాళ్లదా అని మట్టి చూడదు. ఇంకొకటి, అందరూ మర్చిపోయేది: మీ సంపు, మీ డ్రైనేజీ లైను ఆ వైపే ఉంటే ప్లంబర్‌ను పిలిచి లీకులు ఉన్నాయేమో చూపించండి. పదహారేళ్ల పైపులు కారకుండా ఉండటం అరుదు. కారే నీళ్లు వాళ్ల గుంత గోడలోకి దిగితే మట్టి మెత్తబడి జారుతుంది, అప్పుడు బిల్డర్ ఇంజినీరు మొట్టమొదట చూపించేది మీ పైపునే. ఆ అవకాశం అతనికి ఇవ్వకండి.

ఇక పని ఆపించడం. పర్మిషన్ ఉండి, ప్లాన్ ప్రకారం కడుతున్న బిల్డింగును మీరు ఆపించలేరు. ఇది ముందే ఒప్పేసుకోండి. "మా గాలి పోతోంది, వెలుతురు పోతోంది, ఈస్ట్ ఫేసింగ్ ఓపెన్ అని ఎక్కువ పెట్టి కొన్నాం" అనే వాదన పనికిరాదు. గాలి వెలుతురు మీద హక్కు రావాలంటే 1882 ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం ఇరవై ఏళ్లు అడ్డు లేకుండా అనుభవించి ఉండాలి, మీ బిల్డింగుకు ఆ వయసే లేదు. కిటికీలోంచి కనిపించే దృశ్యం మీద అసలు హక్కే లేదు. కానీ అదే చట్టంలో మీకు గట్టిగా పనికొచ్చేది ఇంకొకటి ఉంది: మీ నేలకు పక్క నేల సహజంగా ఇచ్చే ఆసరా మీద హక్కు. పక్కవాడు తన స్థలంలో ఎంత లోతైనా తవ్వుకోవచ్చు గానీ, మీ నేల జారిపోయేలా తవ్వకూడదు. దీనికి ఇరవై ఏళ్ల షరతు లేదు, స్థలం మీదైతే చాలు. చిన్న మెలిక ఏంటంటే ఈ సహజ హక్కు నేల వరకే, దాని మీద కట్టిన బిల్డింగు బరువుకు ఆసరా కావాలంటే మళ్లీ ఆ ఇరవై ఏళ్ల లెక్కే వస్తుంది. అయినా నిర్లక్ష్యంగా తవ్వి బిల్డింగుకు నష్టం చేస్తే పరిహారం అడగడానికి అది అడ్డం కాదు. అందుకే మీ శక్తంతా "కట్టొద్దు" మీద కాకుండా "ఇలా తవ్వొద్దు" మీద పెట్టండి. ఇందులో అధికారులు వింటారు, కోర్టు వింటుంది, కొంచెం బుద్ధున్న బిల్డరైతే అతనూ వింటాడు.

నిజంగా ప్రమాదం ఎంత ఉందో మీరే కాగితం మీద లెక్క వేసుకోవచ్చు. స్టిల్టు బిల్డింగు ఫుటింగులు (పిల్లర్ల కింది పునాది దిమ్మెలు) మామూలుగా నేల నుంచి రెండు మీటర్ల లోతులో ఉంటాయి అనుకుందాం (మీ స్ట్రక్చరల్ డ్రాయింగులు మీ బిల్డర్ ఇచ్చి ఉంటే చూడండి, చాలామంది తీసుకోరు). ఆ ఫుటింగ్ అడుగు అంచు నుంచి పక్క సైటు వైపు కిందికి 45 డిగ్రీల గీత గీయండి. వాళ్ల గుంత ఆ గీతకు బయట ఉంటే మీ బిల్డింగు గురించి పెద్దగా కంగారు లేదు, గీతను కోసుకుంటూ లోపలికి వస్తే షోరింగ్ (గుంత గోడ జారకుండా ఆపే ఏర్పాటు) లేకుండా ఒక్క అడుగు కూడా తవ్వనివ్వకూడదు. ప్రహరీ నుంచి మీ పిల్లర్లకు మూడున్నర మీటర్లు అనుకుందాం, ఫుటింగ్ ఒక మీటరు బయటికి వచ్చి ఉంటుంది, మిగిలింది రెండున్నర. 2012 నాటి బిల్డింగ్ రూల్స్, అంటే జీవో 168, ప్రకారం సెల్లార్‌కు హద్దు నుంచి వదలాల్సింది 1000 చదరపు మీటర్ల లోపు స్థలానికి 1.5 మీటర్లు, 2000 వరకు 2 మీటర్లు, ఆపైన 3, రెండో సెల్లార్ ఉంటే ఇంకో అర మీటరు. రెండు వేల గజాలంటే 1672 చదరపు మీటర్లు కాబట్టి రెండున్నర మీటర్లు వదలాలి. మొత్తం ఐదు మీటర్ల దూరం అన్నమాట. రెండు సెల్లార్లు, పునాది కలిపి గుంత ఎనిమిది మీటర్లు దిగితే మీ ఫుటింగ్ కంటే ఆరు మీటర్లు కింద. ఐదు మీటర్ల దూరంలో గీత ఐదు మీటర్లే దిగుతుంది, అంటే గుంత అట్టడుగున ఒక మీటరు గీత లోపలికి వచ్చేసింది. ఇది రూల్ ప్రకారం తవ్వినప్పుడు. వాస్తవంలో సెంట్రింగ్ కొట్టుకోవడానికి చోటు కావాలని సెల్లార్ గోడకు అవతల ఇంకో మీటరు తవ్వుతారు, మీ వైపే.

ఇక్కడ రాయి సంగతి కూడా చూడాలి. మన హైదరాబాదు నేలలో పైన పోసిన మట్టి, ఎర్రమట్టి కొంత, దాని కింద మొరం, ఆ కింద రాయి. రాయి నాలుగు మీటర్లకే తగిలితే కింద అంతా నిలువుగా కోసినా మామూలుగా నిలబడుతుంది, జారేది పైన మట్టి మాత్రమే. నేను చూసిన వాటిలో ఎక్కువ చోట్ల పోయింది బిల్డింగు కాదు, ప్రహరీ, దాని పక్క డ్రైవ్‌వే, డ్రైనేజీ లైను, ఒక్కోసారి సంపు. అవి పోయినా చిన్న విషయం కాదు, కానీ "బిల్డింగ్ పడిపోతుంది" అని వాట్సాప్ గ్రూపులో వణికిపోవడం వేరు. పూర్తిగా కొట్టిపారేయడానికీ లేదు. 2024 నవంబరులో గచ్చిబౌలి దగ్గర సిద్దిక్‌నగర్‌లో పక్కన పునాది గుంత తవ్వితే ఒక చిన్న స్థలంలో కట్టిన నాలుగంతస్తుల బిల్డింగు ఒరిగిపోయింది, జనాన్ని ఖాళీ చేయించి మొత్తం కూల్చేశారు. విజయవాడ లాంటి చోట్ల, కృష్ణ ఒడ్డు ఒండ్రుమట్టిలో, పరిస్థితి ఇంకా వేరు. అక్కడ గుంతలో ఊరే నీళ్లు తోడుతుంటే నీటితో పాటు సన్న మట్టి కూడా వచ్చేసి పక్క నేల కుంగుతుంది. (ఆంధ్రా వాళ్లు ఎవరైనా చదువుతుంటే మీకు 2017 నాటి జీవో 119 రూల్స్ చూడాలి, జీవో 168 కాదు.)

రాయి తగిలితే మాత్రం రాక్ బ్రేకర్ మోత, దాంతో పని సాగకపోతే బ్లాస్టింగ్. బ్లాస్టింగ్‌కు లైసెన్సు ఉన్న మనిషి, పోలీసు అనుమతి ఉండాలి, ఆ కాగితాలు అడగండి. కంపనం కొలిచే యంత్రం మీ స్టిల్టు ఫ్లోర్‌లో పెట్టించమనండి. గనుల భద్రతా డైరెక్టరేట్ 1997 సర్క్యులర్‌లో ఇళ్ల దగ్గర కంపనం, ఫ్రీక్వెన్సీ తక్కువగా ఉన్నప్పుడు, సెకనుకు 5 మిల్లీమీటర్లు దాటకూడదని ఉంది. అది గనుల కోసం రాసిందే అయినా ఊళ్లో పేలుళ్లకు కూడా ఇంజినీర్లు దాన్నే పట్టుకుంటారు. పేలుడు లేకుండా, రంధ్రాల్లో ఉబ్బే రసాయనం పోసి రాయిని పగలగొట్టే పద్ధతి ఉంది, వైర్ సా (తీగ రంపం) తో కోసే పద్ధతి ఉంది. ఖర్చు ఎక్కువ, టైం ఎక్కువ, కానీ మీ గోడకు దగ్గరగా ఉన్న నాలుగైదు మీటర్ల పట్టీ వరకైనా అలాగే చెయ్యమని పట్టుబట్టవచ్చు. ఇది అతిగా అడగడమేమీ కాదు, బుద్ధిగా పని చేసే కాంట్రాక్టర్లు ఎవరూ అడక్కుండానే చేస్తారు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పని. ఈ ఆదివారం లోపల మీ బిల్డింగు ఇప్పుడు ఎలా ఉందో రికార్డు చేయించండి. బయటి స్ట్రక్చరల్ ఇంజినీరును పిలిచి తూర్పు వైపు ప్రతి ఫ్లాటు, స్టిల్టు, మెట్లు, టెర్రస్, ప్రహరీ మొత్తం ఫొటోలు, వీడియో తీయించి, ఉన్న ప్రతి పగులుకు నంబరు వేసి, వెడల్పు రాసి రిపోర్టు తీసుకోండి. పాత పగుళ్లు కూడా దాచకండి, ఆ రిపోర్టుకు విలువ వచ్చేదే వాటివల్ల. ఎందుకంటే రేపు నష్టం జరిగాక బిల్డర్ చెప్పే మాట ఒకటే, "ఇవి ముందు నుంచీ ఉన్నవే." అతను అబద్ధం చెప్తున్నాడని కూడా కాదు, నిజంగానే పదహారేళ్ల బిల్డింగులో సగం పగుళ్లు ముందు నుంచీ ఉన్నవే, ఏవి కొత్తవో చెప్పడానికి మీ దగ్గర కాగితం లేకపోతే అన్నీ పాతవే అవుతాయి. అనుమానంగా ఉన్న పగుళ్ల మీద అడ్డంగా సన్నటి గాజు పలక సిమెంటుతో అతికించి తేదీ రాయండి, పగులు కదిలితే గాజు పగులుతుంది. పాత పద్ధతే, కానీ జడ్జి గారికి, టౌన్ ప్లానింగ్ వాళ్లకి, మీ గ్రూపులో అనుమానం పక్షులకి, అందరికీ ఒక్క చూపులో అర్థమయ్యే సాక్ష్యం ఇదొక్కటే. గోడ మీద, పిల్లర్ల మీద కొన్ని గుర్తులు పెట్టి లెవెల్ మిషన్‌తో వారానికోసారి కొలిపించండి. బోరు కూడా మర్చిపోవద్దు. సంపు నిండటానికి ఇప్పుడు ఎంతసేపు పడుతోందో రాసి పెట్టుకోండి, వాళ్లు నెలల తరబడి నీళ్లు తోడితే మీ బోరు తగ్గవచ్చు.

ప్లాస్టర్ మీద వెంట్రుక మందం గీతలకు భయపడొద్దు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే పగులు, వారం వారం వెడల్పయ్యే పగులు, ఉన్నట్టుండి బిగుసుకుపోయిన తలుపు, స్టిల్టు ఫ్లోరు ఒక పక్కకి కుంగడం, ప్రహరీకి నేలకి మధ్య సందు రావడం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఇంజినీరుకు ఫోన్ చెయ్యండి.

బిల్డర్ దగ్గర ఏం అడగాలి? రాతపూర్వకంగా, అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద, స్పీడ్ పోస్టులో (రిజిస్టర్డ్ పోస్టు 2025లో అందులోనే కలిసిపోయింది) పంపి, మెయిల్ కూడా పెట్టండి. శాంక్షన్డ్ ప్లాన్, సాయిల్ రిపోర్టు, షోరింగ్ డిజైన్ మీద స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం, ఇన్సూరెన్సు పాలసీ కాపీ. ప్లాన్ కాపీ అందరికీ కనిపించేలా సైటు దగ్గర పెట్టాలని పర్మిషన్ లెటర్‌లోనే షరతు ఉంటుంది, కాబట్టి "మీకెందుకు చూపించాలి" అనే మాట చెల్లదు. 500 చదరపు మీటర్లు దాటిన స్థలం కాబట్టి రెరాలో (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నియంత్రించే సంస్థ) రిజిస్టర్ అయి ఉండాలి, ఆ వెబ్‌సైట్లో ప్లాన్లు, ఇంజినీరు, ఆర్కిటెక్టు వివరాలు దొరుకుతాయి, బిల్డర్‌ను బతిమాలనక్కర్లేదు. సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయలతో వెయ్యండి గానీ దాని మీద ఆధారపడకండి. జవాబుకు ముప్పై రోజుల గడువు, ఆ లోపల రెండో సెల్లార్ అడుగు వచ్చేస్తుంది.

ఇన్సూరెన్సు గురించి కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే దీన్ని ఏ అసోసియేషనూ అడగదు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టడం పూర్తయ్యాక ఉండటానికి ఇచ్చే అనుమతి) వచ్చేదాకా కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ ఉంచాలని కార్పొరేషన్ పర్మిషన్ లెటర్లలో షరతు రాస్తారు. బిల్డర్లు తీసుకుంటారు కూడా, కానీ చవకది. మామూలు పాలసీ వాళ్ల సైటులో నష్టానికి. పక్కవాళ్ల నష్టానికి థర్డ్ పార్టీ భాగం ఉండాలి, అందులోనూ కంపనం వల్ల, నేల ఆసరా తగ్గడం వల్ల వచ్చే నష్టానికి విడిగా యాడ్-ఆన్ తీసుకోవాలి. అది లేకపోతే మీకు జరగబోయే నష్టమే పాలసీలో మినహాయింపు కింద ఉంటుంది. పాలసీ కాపీ తెప్పించుకుని ఈ ఒక్క లైను చదవండి. లేకపోతే తీసుకోమనండి, ఆ ప్రీమియం ఆ ప్రాజెక్టు ఖర్చులో లెక్కలోకే రాదు.

ఇంకో మాట కూడా ఇక్కడే. గుంత గోడ నిలబడటానికి వాళ్లు నెయిలింగ్ చేస్తామంటే, అంటే కడ్డీలు పక్కకి నేలలోకి దిగ్గొట్టే పద్ధతి, ఆ కడ్డీలు మీ స్థలం కిందకి వస్తాయి. మీ అనుమతి లేకుండా అది చెయ్యకూడదు. కొన్ని కమిటీలు ఇది తెలియక వదిలేస్తాయి, కొన్ని తెలిసి "మా స్థలంలోకి రావద్దు" అని మొండికేస్తాయి. నా అభిప్రాయంలో ఒప్పుకోవడమే మంచిది, ఆ కడ్డీలు కాపాడేది మీ నేలనే. కానీ ఒప్పుకునేటప్పుడు అదే కాగితంలో మిగతా షరతులన్నీ రాయించుకోండి. బిల్డర్‌కు మీ సంతకం అవసరమయ్యే సందర్భం ఇదొక్కటే రావచ్చు.

ఆ గోడ కట్టిస్తామన్న మాట గురించి. గోడ కట్టించుకోండి, తప్పేం లేదు, కంప్లైంట్లు పెట్టమని మాత్రం రాసివ్వకండి. ఒప్పందం స్టాంపు పేపర్ మీద, రెండు వైపులా సంతకాలతో. అందులో షోరింగ్ ఎలా చేస్తారు, పని గంటలు ఎన్ని, కొలతలు ఎవరు తీస్తారు, ఎంత కదిలితే పని ఆపాలి, ఎన్ని రోజుల్లో రిపేర్ చెయ్యాలి, కొంత డిపాజిట్ ఎక్కడ ఉంచాలి అన్నది ఉండాలి. డబ్బు ఏది వచ్చినా అసోసియేషన్ ఖాతాలోకి చెక్కు రూపంలో రావాలి. "బిల్డింగుకు రంగులేయిస్తాం, లిఫ్టు మార్పిస్తాం" అంటారు, తీసుకుంటే జనరల్ బాడీలో పెట్టి తీసుకోండి. కమిటీ మెంబరు ఒకరి ఇంట్లో ఉచితంగా కప్‌బోర్డులు చేయించి నోరు మూయించిన బిల్డర్లను చూశాను. అలాంటిది బయటపడ్డాక ఆ అసోసియేషన్ మళ్లీ ఒక మాట మీద నిలబడటం కష్టం.

అధికారుల దగ్గరకు వెళ్లేముందు మీ ఇల్లు సర్దుకోండి. కమిటీ జాబితా ఈ ఏడాది సొసైటీల రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేశారా? చెయ్యకపోతే "ఈ సెక్రటరీ ఎవరు" అని మొదటి వాయిదాలోనే అవతలి వకీలు అడుగుతాడు. జనరల్ బాడీ లేదా బైలాస్ ప్రకారం అధికారం ఉన్న కమిటీ మీటింగులో, ఫలానా విషయంలో ఫిర్యాదు చెయ్యడానికి, కేసు వెయ్యడానికి, సంతకం పెట్టడానికి ఫలానా వారికి అధికారం ఇస్తున్నాం అని తీర్మానం రాసి మినిట్స్ బుక్కులో సంతకాలు చేయించండి. వాట్సాప్‌లో నలభై బొటనవేళ్లు వచ్చినంత మాత్రాన తీర్మానం కాదు. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న ఓనర్ల దగ్గర బైలాస్ ఒప్పుకుంటే ప్రాక్సీ లెటర్ తెప్పించుకోండి.

ఆ సర్దుకోవడంలోనే కొంచెం ఇబ్బందైన సంగతి ఒకటి ఉంది. మీ టెర్రస్ మీద పెంట్‌హౌస్ ఉందా? సెట్‌బ్యాక్‌లో (హద్దు పక్కన వదలాల్సిన ఖాళీలో) రేకుల షెడ్డు వేసి జిమ్ పెట్టారా? స్టిల్టు పార్కింగులో గది కట్టి అద్దెకిచ్చారా? మీరు ఫిర్యాదు పెట్టిన వారంలో మీ మీద ఎదురు ఫిర్యాదు వస్తుంది, అది రాసేది ఎవరో చెప్పక్కర్లేదు. అందుకని ఫిర్యాదు చెయ్యడం మానమని నేను చెప్పను, మీ పెంట్‌హౌస్ ఉన్నంత మాత్రాన మీ నేల జారిపోవాలని లేదు. కానీ ఈ సంగతి జనరల్ బాడీలో ముందే నోరు తెరిచి చెప్పండి, తర్వాత ఎవరూ షాక్ అవ్వకూడదు.

ఫిర్యాదు టౌన్ ప్లానింగ్ విభాగానికి ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి, సోమవారం ప్రజావాణిలోనూ ఇవ్వండి. "మాకు ఇబ్బందిగా ఉంది" అని రాస్తే ఫైల్లో పడిపోతుంది. "ప్లాన్‌లో సెట్‌బ్యాక్ 2.5 మీటర్లు, సైటులో 1.4 ఉంది, ఫొటో జత చేశాం, షోరింగ్ లేదు, తవ్వకం పనుల భద్రతకు ఐఎస్ 3764 అనే ప్రమాణం ఉంది, దాన్ని పాటించడం లేదు, ఇంజినీరు రిపోర్టు జత చేశాం" అని రాస్తే ఆ ఫైలు మీద కూర్చోవడానికి ఆఫీసరుకు కొంచెం భయం ఉంటుంది. వానాకాలానికి ముందు సెల్లార్ తవ్వకాలు ఆపమని కార్పొరేషన్ దాదాపు ప్రతి ఏడూ ఆదేశాలిస్తుంది, ఇప్పుడు ఆ రోజులే అయితే ఆ మాట మొదటి లైనులో రాయండి. గుంత అంచు కళ్ల ముందే రాలుతోందంటే ఈ లెటర్లేవీ వద్దు, 112కు ఫోన్ చెయ్యండి, ఆ వైపు ఫ్లాట్లు ఖాళీ చేయించండి.

మోత గురించి రూలు తేలిక. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నివాస ప్రాంతంలో మోత చేసే నిర్మాణ యంత్రాలు నడపకూడదు, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలకు 2010లో చేసిన సవరణ అది. పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45. పగటి పరిమితి రాక్ బ్రేకర్‌కు ఎక్కడా సరిపోదు, దాని మీద యుద్ధం చెయ్యకండి, రాత్రి పని మీద చెయ్యండి, గెలుస్తారు. దుమ్ముకు గ్రీన్ నెట్, నీళ్లు చల్లడం అడగండి. గుంతలో నీళ్లు నిలిస్తే దోమలు, దానికి కార్పొరేషన్ ఎంటమాలజీ వాళ్లు తొందరగానే వస్తారు. టవర్ క్రేన్ పెట్టాక బరువులు మీ టెర్రస్ మీదుగా తిప్పవద్దని ఇప్పుడే ఒప్పందంలో రాయించండి.

కోర్టు సంగతి. అవసరం పడితే వెళ్లాలి, వెళ్తే త్వరగా వెళ్లాలి. గుంత పూర్తయి స్లాబు పడ్డాక ఇంజంక్షన్ (పని ఆపమనే కోర్టు ఆర్డరు) అడిగితే ఇన్నాళ్లు ఏం చేశారు అంటారు. సివిల్ కోర్టులో మొత్తం నిర్మాణం ఆపమని అడిగితే బిల్డర్ నష్టం ముందు మీ భయం చిన్నదిగా కనిపిస్తుంది. షోరింగ్ పూర్తయ్యేదాకా ఆ తూర్పు పట్టీలో తవ్వకం ఆపమని అడిగితే ఇచ్చే అవకాశం ఎక్కువ. దాంతోపాటు అడ్వకేట్ కమిషనర్‌ను వెయ్యమని అడగండి, ఆయన ఇంజినీరుతో వచ్చి సైటు చూసి రిపోర్టు ఇస్తాడు. నా దృష్టిలో ఇంజంక్షన్ కన్నా ఆ రిపోర్టే ఎక్కువ పనికొస్తుంది, తర్వాత పరిహారం అడిగినప్పుడు కూడా అదే ఆధారం. బిల్డర్ ఇప్పటికే కేవియట్ వేసి ఉండొచ్చు, అది తొంభై రోజులు ఉంటుంది, ఉంటే అతనికి చెప్పకుండా ఆర్డరు రాదు, అంతే. కార్పొరేషన్ మీ ఫిర్యాదును పట్టించుకోకపోతే హైకోర్టులో రిట్ వెయ్యవచ్చు, దానికి కావాల్సింది ఆ అక్నాలెడ్జ్‌మెంట్ ఉన్న ఫిర్యాదు.

ఖర్చు ఎవరు పెట్టాలి అని పడమటి వైపు వాళ్లు అంటారు. భూమిలో అవిభాజ్య వాటా అందరి సేల్ డీడ్‌లోనూ ఉంది, తూర్పు నేల తూర్పు ఫ్లాట్ల వాళ్లది కాదు. ఇంజినీరు రిపోర్టుకు కార్పస్‌లోంచి (అసోసియేషన్ నిధి) తియ్యండి, వకీలు ఖర్చు పడితే స్పెషల్ లెవీ (అందరి దగ్గరా విడిగా వసూలు) పెట్టి తీర్మానం చెయ్యండి. మొదటి రోజు నుంచే దీనికి విడిగా ఒక లెడ్జర్ పెట్టి బిల్లులు గ్రూపులో పెడుతూ ఉండండి, సగం గొడవలు అక్కడే పోతాయి.

చివరగా ఒక టెక్నికల్ సంగతి, ఎవరూ చూడనిది. సెల్లార్ గోడ లేచాక దానికి, మీ హద్దుకు మధ్య మీటరు రెండు మీటర్ల ఖాళీ గొయ్యి మిగులుతుంది. అందులో మంచి మొరం పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టాలి. చాలా సైట్లలో విరిగిన ఇటుకలు, సిమెంటు సంచులు, చెక్కముక్కలు టిప్పర్‌తో గుమ్మరించి పైన టైల్స్ వేసేస్తారు. పైకి బాగుంటుంది, మరుసటి వానాకాలంలో అది కుంగి మీ ప్రహరీ అటు ఒరుగుతుంది, అప్పటికి బిల్డర్ ఫ్లాట్లన్నీ అమ్మేసి ఉంటాడు. ఆ నింపే పని జరిగేటప్పుడు మీ ఇంజినీరు అక్కడ ఉండాలని ఒప్పందంలో రాయించండి, కొలతలు ఆ తర్వాత ఒక వానాకాలం గడిచేదాకా తీయించండి. పర్మిషన్ కోసం బిల్డర్ కార్పొరేషన్‌కు తనఖా పెట్టిన పది శాతం కట్టడం ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేదాకా విడుదల కాదు కాబట్టి, మీ అభ్యంతరం ఏదైనా మిగిలి ఉంటే అది ఆ లోపలే ఫైల్లోకి వెళ్లాలి.

వాళ్ల సాయిల్ రిపోర్టు చేతికొస్తే రాయి ఎంత లోతులో తగిలిందో, మీ ఫుటింగులు ఎంత లోతులో ఉన్నాయో రాయండి. ఏ రకం షోరింగ్ అడగాలో దాన్ని బట్టి చెప్తాను.